మెటల్ డిటెక్టర్ సెట్టింగులు చోటుని బట్టి ఎలా మార్చుకోవాలి? పార్కు, ఎర్రమట్టి, బీచ్

డిటెక్టర్ కొన్న కొత్తలో చాలామంది సెన్సిటివిటీని (ఎంత చిన్న సిగ్నల్‌కి మిషన్ పలకాలో చెప్పే సెట్టింగు) చివరి అంకె దాకా పెంచేసి బయల్దేరతారు, ఎంత పెంచితే అంత లోతు పట్టేస్తుందనుకుని. ఇంకేముంది, మిషన్ ఆగకుండా అరుస్తూ ఉంటుంది. ఆ అరుపుల్లో నాణెం ఏదో, నేల ఏదో, తల మీదున్న కరెంటు తీగ ఏదో తెలీదు, గంట తిరిగేసరికి విసుగొచ్చి ఇంటికెళ్ళిపోతారు. డబ్బు దండగైందని అమ్మేసుకునేవాళ్ళూ ఉన్నారు, అదే నాకు బాధ. మిషన్ బాగానే ఉంటుంది, అది ఏ నేల మీద ఉందో దానికెవరూ చెప్పలేదు, అంతే.

నేనుండేది అమెరికాలో, అట్లాంటా వైపు. కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే ఉంటాయి. మోడల్ ఏదైనా వరుస మాత్రం ఇదే: ముందు గాల్లో ఉన్న కరెంటు రొద తగ్గించుకోవాలి, తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకి తగ్గట్టు మిషన్‌ని సరిచేయడం), ఆ తర్వాత సెన్సిటివిటీ, ఆఖర్న డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాలకి మిషన్ పలకకుండా చేయడం). ఈ వరుస తిరగేస్తే ఎంత ఖరీదైన మిషన్ అయినా సరిగ్గా పనిచేయదు.

ముందు: అక్కడ తిప్పడానికి పర్మిషన్ ఉందా?

అమెరికాలో నేషనల్ పార్కుల పరిధిలో డిటెక్టర్ వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం, భాగాలు విడదీసి, వాడటానికి వీల్లేకుండా ప్యాక్ చేసి ఉంటే తప్ప. మా దగ్గర కెనసా మౌంటెన్ యుద్ధభూమి, టెక్సస్‌లో పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్ ఇలాంటివే. చూడ్డానికి మామూలు కొండలా, మామూలు బీచ్‌లా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళు పొరబడతారు. సిటీ పార్కులకి ఒక్కో ఊళ్ళో ఒక్కో రూలు, పార్క్స్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే చెప్తారు. ప్రైవేటు స్థలమైతే ఓనర్ ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు కాగితం మీద ఉంటే మరీ మంచిది.

ఇండియా వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళి ఊళ్ళో పాత గుడి దగ్గరో కోట దగ్గరో తిప్పుదామనే ఆలోచన ఉంటే మాత్రం దయచేసి మానుకోండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వితే పురాతన కట్టడాల రక్షణకి ఉన్న 1958 చట్టం కింద కేసవుతుంది. గుప్తనిధులంటూ రాత్రిపూట గుళ్ళు తవ్వేవాళ్ళ వల్ల మనకి జరిగిన నష్టం చాలు, మనం దానికి తోడవకూడదు.

ఏ చోటుకి వెళ్ళినా చేయాల్సిన నాలుగు పనులు

1. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాలికి స్టీల్ ముక్కున్న బూట్లు ఉంటే మార్చుకోండి. మిషన్ ఆన్ చేసి కాయిల్‌ని (కింద నేల మీద ఊపే గుండ్రటి భాగం) కదపకుండా పట్టుకుని నాయిస్ క్యాన్సిల్ నొక్కండి, కొన్ని మోడళ్ళలో దీన్నే ఫ్రీక్వెన్సీ షిఫ్ట్ అంటారు. కరెంటు లైన్లు, ఇళ్ళ చుట్టూ కుక్కలు దాటిపోకుండా నేలలో పాతే తీగలు, పక్కన ఇంకొకరి డిటెక్టర్, ఇవన్నీ మిషన్‌ని కెలుకుతూనే ఉంటాయి. నాయిస్ క్యాన్సిల్ నొక్కితే మిషన్ రొద తక్కువున్న ఛానెల్‌కి మారుతుంది.

2. గ్రౌండ్ బ్యాలెన్స్. ముందు లోహం లేని జానెడు చోటు వెతకండి, ఆల్ మెటల్ మోడ్‌లో (అన్ని లోహాలకీ పలికే మోడ్) అటూఇటూ ఊపితే చప్పుడు రాకూడదు. అక్కడ గ్రౌండ్ బ్యాలెన్స్ బటన్ నొక్కి పట్టుకుని కాయిల్‌ని నేలకి అంగుళం ఎత్తు నుంచి అడుగు ఎత్తు దాకా లేపుతూ దించుతూ ఉండండి. లేపినప్పుడూ దించినప్పుడూ చప్పుడు ఒకేలా అయ్యిందంటే మట్టిలో ఉన్న ఖనిజాల సంగతి మిషన్‌కి తెలిసిపోయినట్టే. గడ్డి నుంచి మట్టికి మారినా, వాలు దిగి వాగు పక్కకి వెళ్ళినా మళ్ళీ చేయాలి. అడుగడుక్కీ నేల మారిపోయే చోట ట్రాకింగ్ ఆన్ చేసుకుంటే అదే చూసుకుంటుంది.

3. ఇప్పుడు సెన్సిటివిటీ. నెమ్మదిగా పెంచుతూ పోండి, ఊరికే చిటపటలాడటం మొదలవ్వగానే ఒకటి రెండు అంకెలు తగ్గించండి. ఆ చోటుకి అదే హద్దు. ఖనిజాలు ఎక్కువున్న మట్టిలో ఇంకా పెంచితే నేల నుంచి వచ్చే సిగ్నల్ కూడా పెరిగి, లోతున్న నాణెం చప్పుడు దాంట్లో మునిగిపోతుంది. మాకు ఇక్కడ తరచూ ఎదురయ్యేదే ఇది, తగ్గిస్తేనే లోతు పెరిగే చోట్లు ఉన్నాయి.

4. డిస్క్రిమినేషన్ చోటుని బట్టి మారుతుంది కాబట్టి కింద విడివిడిగా చెప్తాను. ఊపే ఎత్తు మాత్రం అన్నిచోట్లా ఒకటే. కాయిల్ నేలకి అంగుళం లోపే, సమాంతరంగా పోవాలి, చివర్లలో పైకి లేవకూడదు. సెట్టింగులు ఎంత బాగున్నా ఊపులో చివర కాయిల్ లేస్తే ఆ అంచుల కింద ఉన్నదంతా పోయినట్టే.

పార్కు, స్కూల్ గ్రౌండ్: చెత్తతోనే అసలు గొడవ

ఇక్కడ లోతు పెద్ద సమస్య కాదు, ఈ మధ్యకాలంలో పడినవి పైనే, నాలుగైదు అంగుళాల్లోపే ఉంటాయి. డబ్బాల మూతల రింగులు, ఫాయిల్ ముక్కలు, సీసా మూతలు, ఇవే అడ్డం. కాబట్టి సెన్సిటివిటీ మధ్యలో, రికవరీ స్పీడ్ ఎక్కువ, వీలైతే 6 అంగుళాల చిన్న కాయిల్. రికవరీ స్పీడ్ అంటే ఒక వస్తువు మీద పలికాక పక్కదాని మీద పలకడానికి మిషన్ ఎంత త్వరగా సిద్ధమవుతుందో అది.

డిస్క్రిమినేషన్ దగ్గర కొంచెం ఆగుదాం. కింద ఉన్న లోహాన్ని బట్టి మిషన్ తెరపై ఒక అంకె చూపిస్తుంది. మినెలాబ్ ఈక్వినాక్స్ 800 లాంటి మిషన్‌లో అమెరికన్ నికెల్ (5 సెంట్ల నాణెం) 12, 13 దగ్గర పలుకుతుంది, 1982 తర్వాతి జింకు పెన్నీ (ఒక సెంటు) 20 చుట్టుపక్కల, క్వార్టర్ (25 సెంట్లు) 30 దగ్గర. అల్యూమినియం రింగులు 11 నుంచి 18 దాకా ఎక్కడైనా రావచ్చు. చిక్కంతా ఎక్కడుందంటే, బంగారు ఉంగరాలు కూడా చాలావరకు సరిగ్గా ఆ ఫాయిల్‌కీ రింగులకీ మధ్యలోనే పలుకుతాయి. చెత్త వద్దని ఆ అంకెలు మూసేస్తే బంగారం కూడా మూసేసినట్టే, రెండిటిలో ఏది ఏదో మిషన్‌కి తెలీదు.

అందుకని ముందు దేనికోసం వచ్చారో తేల్చుకోండి. 1964 దాకా వచ్చిన డైములు (10 సెంట్ల నాణేలు), క్వార్టర్లలో 90 శాతం వెండి. అవే కావాలంటే 20 లోపు అన్నీ మూసేసి ప్రశాంతంగా తిరగొచ్చు, తప్పేం లేదు. పోయిన నగ కోసం వెతుకుతుంటే మాత్రం ఇనుము ఒక్కటే తీసేసి మిగతావన్నీ తవ్వాలి, దగ్గరదారి లేదు.

సీసా మూతలు ఇనుపవే అయినా గుండ్రంగా బల్లపరుపుగా ఉండటం వల్ల క్వార్టర్‌లా పలికి మోసం చేస్తాయి. అనుమానం వస్తే 90 డిగ్రీలు పక్కకి తిరిగి మళ్ళీ ఊపండి. నాణెమైతే ఎటు నుంచి ఊపినా అదే అంకె, అదే స్వరం. మూతైతే అంకె గెంతుతుంది, కాయిల్‌ని నెమ్మదిగా దాని అంచు దాటించేటప్పుడు ఇనుము తాలూకు మొరటు చప్పుడు తగులుతుంది.

తవ్విన ప్రతి గుంటా పూడ్చి, గడ్డి పెళ్ళని మళ్ళీ అలాగే అతికించి, కాలితో నొక్కి రండి. ఒక్కరు గుంటలు వదిలేసి పోతే ఆ పార్కులో అందరికీ నిషేధం వస్తుంది.

ఎర్రమట్టి, పాత ఇంటి స్థలం: మేకుల మధ్య వెతకడం

జార్జియా ఎర్రమట్టి చూస్తే మనవాళ్ళకి ఇల్లు గుర్తొస్తుంది. ఆ ఎరుపంతా ఐరన్ ఆక్సైడే, డిటెక్టర్‌కి అదే పరీక్ష. లోతు తగ్గుతుంది, లోతున్న మంచి నాణెం అంకె కిందికి జారి ఇనుములా కనిపిస్తుంది. ఇలాంటిచోట గ్రౌండ్ బ్యాలెన్స్‌ని ఫ్యాక్టరీ సెట్టింగు మీద వదిలేయకండి, చేత్తో చేయండి, పావుగంటకోసారి సరిచూసుకోండి. తెరపై అంకె కన్నా చెవిని ఎక్కువ నమ్మండి, తిప్పి తిప్పి ఊపినా చిన్నగా, గుండ్రంగా, మళ్ళీమళ్ళీ అదే చోట పలికే చప్పుడు తవ్వదగ్గది.

పాత ఇల్లు కూలిపోయిన స్థలంలో మేకులు చల్లినట్టుంటాయి. ఇనుము డిస్క్రిమినేషన్ బాగా పెంచితే హాయిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ మేకు పక్కనే నాణెం ఉంటే, మేకు చప్పుడుని మిషన్ నొక్కేసే ఆ క్షణంలో నాణెం చప్పుడు కూడా తెగిపోతుంది. అందుకే నేనైతే ఇక్కడ డిస్క్రిమినేషన్ దాదాపు తీసేస్తాను, ఇనుముకి లావు స్వరం పెట్టి దాన్ని వింటూనే మధ్యలో వచ్చే సన్నటి స్వరం కోసం చూస్తాను. ఐరన్ బయాస్ (అనుమానంగా పలికినదాన్ని ఇనుముగా లెక్కేసే సెట్టింగు) ఉన్న మిషన్ అయితే దాన్ని కిందికి దించండి. రికవరీ స్పీడ్ పైకి, చిన్న కాయిల్, ఊపు మాత్రం నెమ్మది. ఒక దిక్కున అయ్యాక అదే చోటుని అడ్డంగా కూడా తిరగండి, ఒకవైపు మేకు కప్పేసింది ఇంకోవైపు నుంచి బయటపడుతుంది.

మేకులూ చెత్తా లేని, ఖనిజాలు తక్కువున్న పొలమైతే దీనికి పూర్తిగా రివర్స్. పెద్ద కాయిల్, రికవరీ స్పీడ్ తక్కువ, సెన్సిటివిటీ ఎక్కువ. ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలుంటే లోతున్న వెండికి 5 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువది, సన్నటి బంగారానికి ఎక్కువది. 1829లో బంగారం కోసం జనం ఎగబడ్డ డలానిగా మాకు దగ్గరే, అలాంటిచోట రవ్వల్లాంటి బంగారం వెతికేవాళ్ళు 45, 48 కిలోహెర్ట్జ్ మిషన్లు వాడేది అందుకే.

బీచ్: పొడి ఇసుక వేరు, తడి ఇసుక వేరు

పొడి ఇసుకలో పెద్ద ఇబ్బంది ఉండదు, పార్కు సెట్టింగుతోనే కొంచెం సెన్సిటివిటీ పెంచుకుని తిరగొచ్చు. సముద్రం తడిపిన ఇసుకలోకి అడుగుపెట్టగానే ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ గోల మొదలుపెడుతుంది. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది కాబట్టి బీచ్ మొత్తం ఒక ఫాయిల్ కాగితంలా దానికి కనిపిస్తుంది. సెన్సిటివిటీ బాగా తగ్గించి, తడి ఇసుక మీదే మళ్ళీ గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఆ మిషన్‌తో పొడి ఇసుకకే పరిమితం అవడం మేలు. మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్లో (ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల్లో పనిచేసేది) బీచ్ మోడ్ ఉంటే అదే పెట్టండి. ఈక్వినాక్స్‌లో అయితే ఇసుక మీద బీచ్ 1, నీళ్ళలో దిగితే బీచ్ 2. పల్స్ ఇండక్షన్ మిషన్లు (చిన్న చిన్న కరెంటు పల్సులు పంపి వెతికే ఇంకో రకం) ఉప్పుని, ఇనుప ఖనిజమున్న నల్ల ఇసుకని లెక్కచేయకుండా లోతుగా పట్టేస్తాయి. కాకపోతే ఇనుముని వేరుచేసి చెప్పడం వాటికి సరిగ్గా రాదు, పలికిందల్లా తవ్వాల్సిందే.

నీటి అంచుకి సమాంతరంగా నడవండి. అలలకి ఎదురుగా పైకీ కిందికీ నడిస్తే అడుగడుక్కీ తడి మారి బ్యాలెన్స్ చెదిరిపోతుంది.

బీచ్‌లో ఎవరిదైనా ఉంగరమో గొలుసో పోయిందని పిలిస్తే, వెళ్ళేముందు అలాంటిదే ఇంకోటి ఉందేమో అడగండి. భార్యాభర్తల ఉంగరాల్లో ఒకటి పోతే రెండోది వేలికే ఉంటుంది. దాన్ని అదే ఇసుక మీద పెట్టి ఊపి అంకె చూసుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది, సైజులో తేడా ఉంటే ఒకటి రెండు అంకెలు అటూఇటూ చూసుకోవాలి. గొలుసులు కష్టం. సన్నటి గొలుసుని మిషన్ ఒక్క వస్తువుగా చూడదు, ఒక్కో లింకునీ విడివిడిగా చూస్తుంది, అందుకే ఫాయిల్ ముక్కంత బలహీనంగా పలుకుతుంది లేదా అసలు పలకదు. నల్లపూసల గొలుసో మంగళసూత్రమో అయితే గొలుసు కోసం కాకుండా పుస్తెల కోసం, లాకెట్ కోసం, కొక్కెం కోసం వింటున్నామని గుర్తుపెట్టుకోవాలి. డిస్క్రిమినేషన్ సున్నా, స్వరం ఎంత చిన్నదైనా తవ్వడమే. వాళ్ళు కూర్చున్న చోటు చుట్టూ తాడు కట్టి, వరుసలు గీసుకుని, వరుసకీ వరుసకీ కాయిల్‌లో సగం వెడల్పు కలిసేలా తిరగండి.

కాయిల్ వాటర్‌ప్రూఫ్ అయినంత మాత్రాన పైనున్న కంట్రోల్ బాక్స్ కూడా అదే అనుకోకండి, నీళ్ళలోకి దిగేముందు మాన్యువల్ చూడండి. ఇంటికి రాగానే కాయిల్‌ని, రాడ్‌ని మంచినీళ్ళతో కడిగి, కాయిల్ అడుగున ఉండే ప్లాస్టిక్ కవర్ ఊడదీసి అందులో చేరిన ఇసుక దులిపేయండి. ఆ తడి ఉప్పు ఇసుక అందులోనే ఉండిపోతే మళ్ళీ వారం పొడి నేల మీద కూడా మిషన్ ఊరికే అరుస్తుంది, మీరేమో ఆ తప్పుని సెట్టింగుల్లో వెతుక్కుంటూ ఉంటారు.