ముగ్గు పోసే ముందే చెట్టును కొలవండి

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల మామిడి తోటలు, జీడితోటలు లేఅవుట్లు అవుతున్నాయి. ‘మంచి చెట్లు రెండైనా ఉంచుదాం’ అనుకునే యజమానులు లేకపోలేదు. కానీ గృహప్రవేశమైన రెండు మూడేళ్లకు ఆ చెట్టు కొనల నుంచి ఎండటం మొదలవుతుంది. తెగులు సోకిందనుకుని మందు కొట్టిస్తారు. చెట్టుకు అసలు దెబ్బ తగిలింది పునాది తవ్విన రోజున, మెరక తోలిన రోజున. మానులో దాచుకున్న ఆహారంతో అన్నాళ్లూ నెట్టుకొచ్చిందంతే. అందుకే చెట్టు ఉంచాలనుకుంటే ఆ పని ఇంటి ప్లాను గీయకముందే మొదలవ్వాలి.

మొదట వేళ్ల సంగతి. నీటినీ పోషకాలనూ పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి కూడా పక్కలకు పాకుతాయి. వాటికి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. లారీ చక్రాల కింద మట్టి గట్టిపడితే చాలు, గునపం తగలకుండానే వేళ్లు చస్తాయి.

ఎంత మేర వదలాలో లెక్క సులువే. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దానికి 12 రెట్ల దూరం చుట్టూ వదలాలి. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837 (2012) చెప్పే లెక్క ఇది. ఎంత పెద్ద చెట్టుకైనా 15 మీటర్లు దాటనక్కర్లేదు. టేపు లేకపోతే మానుకు ఒక తాడు చుట్టి తీయండి. ఆ తాడుకు నాలుగింతల దూరం సరిపోతుంది. మొదట్లోనే రెండుగా చీలిన చెట్టయితే రెండు మానుల వ్యాసాల వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి: 30, 40 సెంటీమీటర్ల మానులుంటే 50 సెంటీమీటర్ల చెట్టు కింద లెక్క.

188 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న వేపచెట్టు తీసుకోండి. వ్యాసం 60 సెంటీమీటర్లు, వదలాల్సిన దూరం 7.2 మీటర్లు. ఆ వలయం 163 చదరపు మీటర్లు, అంటే సుమారు 195 గజాలు! 200 గజాల స్థలం నడిమధ్య ఆ వేప ఉంటే ఇల్లూ చెట్టూ రెండూ కుదరవని ముందే ఒప్పుకోవాలి. పెద్ద చెట్లను కాపాడాలంటే లేఅవుట్ గీసే దశే సరైన సమయం. ఎలాగూ వదలాల్సిన పార్కు స్థలాన్ని చెట్లున్న చోటే చూపిస్తే సగం సమస్య తీరిపోతుంది.

కొబ్బరి, తాటి చెట్లకు ఈ లెక్క వర్తించదు. కొబ్బరికి చురుగ్గా పనిచేసే వేళ్లు మాను చుట్టూ రెండు మీటర్లలోపే ఎక్కువ. ఆ మేర వదిలి, మొదలు మీద మట్టి ఎగదోయకుండా చూస్తే చాలు.

ఏ చెట్టు ఉంచాలి?

సర్వేయరు స్థలం కొలిచే రోజే ప్రతి చెట్టుకూ నంబరు వేయించండి. రకం, చుట్టుకొలత, ఎత్తు, నాలుగు దిక్కులకూ కొమ్మలు ఎంతెంత పరుచుకున్నాయి, అన్నిటికన్నా కింది కొమ్మ ఎత్తు, మొదలు దగ్గర నేల మట్టం రాయించండి. నేల మట్టం చాలామంది వదిలేస్తారు. మెరక ఎంత వేయాలో తేలేటప్పుడు కావలసింది అదే. పక్కవాళ్ల చెట్లనూ కొలవాలి, వాటి వేళ్లు మీ గోడ దగ్గర ఆగవు.

తర్వాత ఆరోగ్యం. చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టండి. డొల్ల శబ్దం వస్తే లోపల తొర్ర ఉన్నట్టే. మొదట్లో గట్టి పుట్టగొడుగులు, కొబ్బరి మొదట్లో ఎర్రగా గోధుమ రంగు జిగురు కారడం, ఒరిగిన చెట్టుకు వెనకవైపు నేల పగలడం ప్రమాద చిహ్నాలు. పంగ దగ్గర బెరడు లోపలికి ముడుచుకుని ఉంటే గాలికి చీలే అవకాశం ఎక్కువ. బెరడు మీద చెదల మట్టి కనిపించగానే కొట్టేయకండి. చాలాసార్లు అవి ఎండిన బెరడునే తింటాయి.

ఇలా చూశాక నాలుగు తరగతులు చేయండి: 40 ఏళ్లకు పైగా నిలిచే మేలైనవి ఏ, 20 ఏళ్లు నిలిచేవి బీ, పదేళ్లపాటైనా నిలిచేవి, చిన్న మొక్కలు సీ, పదేళ్లు కూడా నిలవనివి యూ. ప్లాను మారాల్సింది ఏ, బీ చెట్ల కోసం. సీ చెట్టు కోసం ఇల్లు జరపనక్కర్లేదు, దాని బదులు కొత్తది నాటుకోవచ్చు. కొట్టాల్సిన వాటికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002) కింద ముందు అనుమతి తీసుకోవాలి. ఇంటి ప్లాను ఆమోదం పొందితే చెట్టు కొట్టడానికీ అనుమతి వచ్చినట్టు కాదు.

కంచె ముందు, జేసీబీ తర్వాత

వలయం అంచున సరుగుడు కర్రలు పాతి, రెండు మీటర్ల ఎత్తున రేకులో తడికలో గట్టిగా కట్టించండి. రిబ్బను కడితే మూడో రోజుకే తెగిపోతుంది. కంచె లోపల ఇసుక, కంకర, ఇటుకలు, కూలీల షెడ్డు, పొయ్యి ఏవీ ఉండకూడదు. ముఖ్యంగా మాలు కలపడం, తట్టలు కడగడం వద్దు. సిమెంటు నీళ్లతో మట్టిలో క్షారం పెరిగి చెట్టుకు ఇనుము అందదు. ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకు పసుపుబారుతుంది. ఆ వలయం మీదుగా మనుషులు నడవక తప్పకపోతే జానెడు మందాన కొబ్బరి డొక్కలు పరిచి, పైన సెంట్రింగ్ చెక్కలు వేయాలి.

మన దగ్గర మొదట కట్టేది ప్రహరీ. చెట్లు ఎక్కువగా చచ్చేదీ దాని వల్లే. పొడవునా కందకం తీసి రాతి పునాది వేస్తే ఆ వైపు వేళ్లన్నీ ఒక్కపూటలో తెగుతాయి. వలయం లోపల పిల్లర్ గుంతలే తీసి, నేలకు పైన బీము వేసి, దాని మీద గోడ లేపాలి. ఇంటి పునాది అంచు కొంత లోపలికి వచ్చినా ఇదే పద్ధతి. అయితే ఒక్క వైపే రావాలి, ఆ మేర స్థలం మరో వైపు కలిపి ఇవ్వాలి. గుంతల పై రెండడుగులూ పారతో, చిన్న గునపంతో చేత్తో తవ్వించండి. 25 మిల్లీమీటర్ల కన్నా లావు వేరు కనపడితే గుంతే పక్కకు జరపాలి. సన్నవాటిని రంపంతో నున్నగా కోసి, మళ్లీ మట్టి కప్పే దాకా తడి గోనె వేసి ఉంచండి. జేసీబీ బకెట్ వేరును కోయదు, లాగి చీలుస్తుంది. ఆ చీలిక మాను దాకా పాకి కుళ్లు పట్టిస్తుంది. సెప్టిక్ ట్యాంకు, సంపు, బోరు, డ్రైనేజీ పైపులు చెట్టుకు అవతలి వైపునే పెట్టండి.

రోడ్డుకన్నా స్థలం పల్లంగా ఉందని మూడడుగుల గ్రావెల్ తోలడం మరో పెద్ద దెబ్బ. మాను చుట్టూ బావిలా గుండ్రంగా గోడ కట్టినంత మాత్రాన సరిపోదు. వలయమంతా పాత మట్టంలోనే ఉండాలి. అంచున సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి మెరకను ఆపండి, వాన నీళ్లు బయటకు పోయే దారి తప్పనిసరిగా ఉంచండి.

వేళ్లు ఒకవైపు తెగిన చెట్టు తుఫానుకు ఆగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి, రెండూ అక్టోబరులోనే. కాబట్టి వేళ్ల దగ్గర తవ్వకం వర్షాకాలం చివర పెట్టుకోవద్దు. సంక్రాంతి దాటాక చేసి, వేసవంతా తడులివ్వండి. గాలికి భయపడి తల నరికించడం ఇంకా తప్పు. అక్కడ పుట్టే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, తర్వాతి గాలికి విరిగేవి అవే.

‘వేళ్లు పునాది పగలగొడతాయి’ అన్న భయం మన ఎర్ర నేలల్లో చాలావరకు అనవసరం. తేలిక గోడలు, టైల్స్, కారే పైపుల దగ్గరే ఇబ్బంది. నల్లరేగడి పట్టిన చోట మాత్రం చెట్టు తేమ లాగేకొద్దీ నేల కుంగుతుంది కాబట్టి పునాది లోతు ఇంజినీరునే నిర్ణయించనివ్వండి. రావి, మర్రి గోడ సందుల్లో మొలిస్తే మొలకప్పుడే తీసేయాలి.

ఈ షరతులన్నీ కాంట్రాక్టరు ఒప్పందంలో రాయించి, చివరి బిల్లులో కొంత సొమ్ము వాటికి ముడిపెట్టండి. రంగులు పూర్తయ్యాకే కంచె తీయండి. తర్వాత రెండు వేసవులు వలయమంతా నెమ్మదిగా తడపాలి. మర్నాడు గునపంతో గుచ్చి చూస్తే అడుగు లోతున మట్టి ఉండ కట్టాలి. పొడిగా రాలిపోతే ఆ తడి చాలలేదు.