డాక్టర్ ఎట్ సీ: ముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

ముందు సరైనదాన్ని పట్టుకోండి. ఈ పేరుతో రిచర్డ్ గోర్డన్ నవల ఉంది (1953), డర్క్ బొగార్డ్, బ్రిజిట్ బార్డో నటించిన సినిమా ఉంది (1955), లండన్ వీకెండ్ టెలివిజన్ తీసిన సిట్‌కామ్ (హాస్య సీరియల్) ఉంది (1974). మనం చూడబోయేది ఈ సిట్‌కామ్. వెతికితే తరచూ సినిమాయే ముందు తగులుతుంది. అందులోది సరుకుల ఓడ, సిట్‌కామ్‌లోది విహార నౌక. రాబిన్ నెడ్‌వెల్, జెఫ్రీ డేవిస్ పేర్లు, 13 ఎపిసోడ్లు కనబడితే అదే మనది.

దీనికి ముందు ఇదే వరుసలో మూడు సిరీస్‌లు వచ్చాయి. అవి చూడకుండా నేరుగా ఓడెక్కేస్తే అసలు తమాషా జారిపోతుంది. ఆ సిరీస్‌లలో సెయింట్ స్విదిన్స్ ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లను కాల్చుకుతిన్న ప్రొఫెసర్ లాఫ్టస్‌కు ఈ ఓడ కెప్టెన్ కవల సోదరుడు. రెండు వేషాలూ ఎర్నెస్ట్ క్లార్క్‌వే. ప్రొఫెసర్ చిరాకు ముందే తెలిసుంటేనే కెప్టెన్‌ని చూసి డాక్టర్ వేరింగ్ (నెడ్‌వెల్ వేషం) ఎందుకు బిగుసుకుపోయాడో తెలిసి నవ్వొస్తుంది.

వరుస ఇదీ (ప్రతి పేరుకీ ముందు 'డాక్టర్' చేర్చుకోండి): 'ఇన్ ద హౌస్' (1969–70), 'ఎట్ లార్జ్' (1971), 'ఇన్ ఛార్జ్' (1972–73), అప్పుడు 'ఎట్ సీ'. ఓడ దాకా రావడానికే 98 ఎపిసోడ్లు. అంత ఓపిక లేకపోతే 'ఇన్ ద హౌస్' నుంచి మొదటి మూడు, 'ఇన్ ఛార్జ్' నుంచి ఓ ఆరు చాలు. 'ఎట్ లార్జ్'లో నెడ్‌వెల్ లేడు, దాటేయొచ్చు. కాకపోతే జాన్ క్లీజ్ రాసిన 'నో ఇల్ ఫీలింగ్' మాత్రం వదలొద్దు. క్లీజ్ తర్వాత తీసిన సిట్‌కామ్ 'ఫాల్టీ టవర్స్'లోని హోటల్ యజమానికి తొలి రూపం అందులోనే ఉంది. 'ఎట్ లార్జ్'లో తొలి ఎపిసోడ్లు కొన్ని నలుపు తెలుపులో వస్తే డీవీడీ డిస్కుని అనుమానించకండి. రంగుల పరికరాల మీద పనిచేసేందుకు ఐటీవీ (బ్రిటన్ ప్రైవేటు టీవీ) సిబ్బంది ఒప్పుకోని రోజులవి.

ఇక బొమ్మ. ఇది 4:3లో, అంటే పాత టీవీల వెడల్పు-ఎత్తు నిష్పత్తిలో తీసింది. టీవీలో 'వైడ్' పెడితే మనుషులు అడ్డంగా సాగుతారు. 'జూమ్' పెడితే ఎత్తులో పావు వంతు తెగిపోతుంది, నిలబడ్డవాళ్ల తలలు పోయేది అక్కడే. పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వండి.

మనిషి చెయ్యి ఊపినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే ఇంటర్‌లేసింగ్ అన్నమాట, అంటే ప్రతి ఫ్రేమునూ రెండు సగం బొమ్మలుగా (ఫీల్డులుగా) విడదీసి చూపే పాత పద్ధతి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఉంటే, అందులో వీడియో మెనూకి వెళ్లి డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్ 'యాడిఫ్ 2ఎక్స్' ఎంచుకోండి. మామూలు 'యాడిఫ్' అయితే సెకనుకు 50 ఫీల్డులు 25 ఫ్రేములై, స్టూడియో కదలికల్లో ఆ నునుపు పోతుంది. అప్పటి బ్రిటిష్ సిట్‌కామ్‌లలో స్టూడియో భాగం వీడియోటేపు మీద, ఆరుబయటి భాగం ఎక్కువగా 16 మి.మీ. ఫిల్ము మీద తీసేవారు. కాబట్టి గదిలోంచి బయటికి రాగానే బొమ్మ గరుకుగా మారినా సెట్టింగులు కదపక్కర్లేదు.

బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, అంటే ఆ ప్రాంతపు ప్లేయర్లకే పనిచేసేలా గుర్తు వేసినవి. ప్లేయర్ వేరే రీజియన్‌దైతే డిస్కు లోపలికి వెళ్తుంది, బొమ్మ రాదు, కొనేముందే చూసుకోండి.