యూకే బ్యాండును త్రిపుట తాళంతో వినడం ఎలా

కడపలో పెళ్ళి ఆర్కెస్ట్రాలకు ప్యాడ్స్ వాయిస్తూ, సాయంత్రాలు ఎర్రముక్కపల్లెలో పిల్లలకు మృదంగం నేర్పే నాకు ఇంగ్లండువాళ్ళ రాక్ ఎందుకని చాలామంది అడుగుతారు. లెక్క కోసం, అంటే తాళం ఒక చుట్టులో ఎన్ని దెబ్బలన్నది. పాటల్ని పొడుగ్గా, చిక్కు లెక్కలతో కట్టే ప్రోగ్రెసివ్ రాక్‌లో ఐదు, ఏడు, తొమ్మిది లెక్కల పాటలు బోలెడు. ఏడు రోడ్ల సర్కిల్ ఉన్న ఊరివాళ్ళం, ఏడుకు జడుస్తామా? కొత్తగా వినేవాళ్ళకు నేను ముందు చెప్పేది యూకే అనే బ్యాండు. అది బతికింది మూడేళ్ళలోపే, స్టూడియోలో చేసింది రెండే ఆల్బమ్‌లు. వారంలో మొత్తం వినేయొచ్చు.

ముందు మనుషులెవరో తెలియాలి, లేకపోతే ఎవరి చెయ్యి ఏదో చెవికి అందదు. 1974లో రాబర్ట్ ఫ్రిప్ కింగ్ క్రిమ్సన్ బ్యాండును ఆపేశాడు. అందులో బేస్ వాయిస్తూ పాడిన జాన్ వెట్టన్, డ్రమ్స్ వాయించిన బిల్ బ్రూఫర్డ్ 1977లో మళ్ళీ కలిసి యూకే పెట్టారు. రాక్సీ మ్యూజిక్ అనే బ్యాండుతో తిరిగినప్పటి పరిచయంతో కీబోర్డు, వయొలిన్ రెండూ వాయించే ఎడ్డీ జాబ్సన్‌ను వెట్టన్ తెచ్చాడు. అప్పటికి ఆ కుర్రాడికి 22 ఏళ్ళు. తన సొంత ఆల్బమ్‌లో వాయించిన గిటారిస్టు అలన్ హోల్డ్స్‌వర్త్‌ను బ్రూఫర్డ్ తెచ్చాడు. ఎవరు ఎవరిని తెచ్చారన్నది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి రోజు యూకే జోలికి పోకుండా, కింగ్ క్రిమ్సన్ 1974లో వదిలిన ‘రెడ్’ ఆల్బమ్‌లోని ‘స్టార్‌లెస్’ ఒక్కటి వినండి. పన్నెండు నిమిషాలు. వెట్టన్ గొంతు, అతని బేస్ చెవికి అలవాటు కావడానికే ఇది. మధ్యలో పదమూడు లెక్క వస్తుంది, దాన్ని ఇప్పుడే పట్టుకోవాలని చూడకండి.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు. బేస్ సగానికి సగం ఎగిరిపోతుంది. ఇయర్‌ఫోన్లు చాలు, బేస్ బూస్ట్ ఆపేయండి. ఎండాకాలంలో ఇక్కడ కూలర్ మోతలో డ్రమ్స్‌లోని చిన్న దెబ్బలు వినబడవు కాబట్టి తెల్లవారుజామున కూర్చుంటే మంచిది.

రెండో రోజు అసలు పని. 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్, దాని పేరు కూడా ‘యూకే’నే. మొదటి పాట ‘ఇన్ ద డెడ్ ఆఫ్ నైట్’ ఏడు లెక్కలో నడుస్తుంది. ఒకసారి ఊరికే వినండి. రెండోసారి కుడిచెయ్యి తొడ మీద పెట్టి, కర్ణాటక సంగీతం మొదటి పాఠాలైన అలంకారాల్లో నేర్పే తిశ్ర జాతి త్రిపుట తాళం వేయండి: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఏడు. మొదట్లో చెయ్యి తప్పుతుంది. మన చెవి సినిమా పాటల నాలుగుకు అలవాటుపడింది కదా, ఏడు కాగానే ఎనిమిదోది కోసం చూస్తుంది. ఆ ఎనిమిదో దెబ్బ వెయ్యకుండా మళ్ళీ మొదటికి రావడమే ఇక్కడ సాధన. మా పిల్లల్లో ఒకడు, “సార్, పాట నన్ను తోసుకుంటా పోతాంది” అన్నాడు. వాడికి లెక్క దొరికిందని అప్పుడే తెలిసింది.

చెయ్యి కుదిరాక నోటితో ‘సరిగ సరి గమ, రిగమ రిగ మప’ అనుకుంటూ పోండి. రాగం కలవదు, కలవాల్సిన పని లేదు. అక్షరాలు వాళ్ళ ఆవర్తనం, అంటే ఏడు దెబ్బల చుట్టు, మొదలయ్యే దగ్గర కచ్చితంగా పడుతున్నాయా లేదా అన్నదే చూసుకోవాలి. ఏడునే మూడు, నాలుగుగా విరిచే మిశ్ర చాపు తాళాన్ని వేగంలో వేసేవాళ్ళు కాస్త ఆగండి. చాపు ఊపు ఈ పాట ఊపుతో అన్నిచోట్లా కలవదు, ముందు ఏడు సమానమైన అడుగులు దొరకాలి.

ఇప్పుడు గిటార్ సోలో. చెయ్యి ఆపకుండా వినండి. హోల్డ్స్‌వర్త్‌కు చిన్నప్పుడు సాక్సఫోన్ కావాలని ఉండేది, దొరికింది గిటార్. తీగను ప్రతిసారీ మీటకుండా ఎడమచేతి వేళ్ళతోనే స్వరాలు పలికిస్తాడు, అందుకే ఊదినట్టు సాగుతుంది. ఈ పాట తర్వాత ‘బై ద లైట్ ఆఫ్ డే’, ‘ప్రెస్టో వివాచే అండ్ రిప్రైజ్’ ఆపకుండా వస్తాయి. మూడూ కలిపి పదమూడు నిమిషాలు, ఒకే మూలన కూర్చుని వినాలి. చివర్లో మొదటి పాట తిరిగొచ్చినప్పుడు త్రిపుట మళ్ళీ వేయండి, ఈసారి కష్టపడరు. మిగతా పాటల్లో ‘అలాస్కా’, దాన్ని అంటుకునే ‘టైమ్ టు కిల్’ వదలొద్దు. రెండోదాంట్లో జాబ్సన్ వయొలిన్ ఉంది. ‘మెంటల్ మెడికేషన్’ నాకు పెద్దగా ఎక్కలేదు.

ఈ నలుగురూ ఏడాది దాటి నిలబడలేదు. కచేరీల్లో రికార్డులో ఉన్న సోలోనే వాయించమని వెట్టన్, జాబ్సన్ అడిగేవాళ్ళు, హోల్డ్స్‌వర్త్‌కు అది గిట్టేది కాదు. అప్పటికప్పుడు అల్లాల్సిన కల్పనస్వరాలను రోజూ అవే పాడమంటే మన విద్వాంసులు ఊరుకుంటారా? నా మనసు అతని వైపే. కాకపోతే పెళ్ళిలో సినిమా పాట బిట్ కొంచెం మారిస్తే జనం మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు కాబట్టి వెట్టన్‌ను కూడా తప్పుపట్టను. 1978 ముగిసేలోపు హోల్డ్స్‌వర్త్, బ్రూఫర్డ్ ఇద్దరూ బయటికెళ్ళారు. ఫ్రాంక్ జాపా దగ్గర వాయించిన టెరీ బోజియో డ్రమ్స్‌కు వచ్చాడు. గిటార్ స్థానం ఖాళీగానే ఉంచేశారు.

అందుకే మూడో రోజు 1979 నాటి ‘డేంజర్ మనీ’ వినండి. గిటార్ లేని లోటును కీబోర్డు ఎక్కడెక్కడ పూడుస్తోందో గమనించండి. తర్వాత అదే ఏడాది జపాన్‌లో రికార్డు చేసిన ‘నైట్ ఆఫ్టర్ నైట్’ లైవ్ ఆల్బమ్‌లో ‘ఇన్ ద డెడ్ ఆఫ్ నైట్’ పెట్టి, మళ్ళీ త్రిపుట వేయండి. ఏడు అదే ఏడు. డ్రమ్మర్ మాత్రం మారాడు, దెబ్బల బరువు మారింది. ఒక పాటను ఇద్దరు మృదంగం వాళ్ళతో వినిపించి తేడా చెప్పమనడం నా క్లాసులో పాత అలవాటే, దానికి ఈ జత బాగా సరిపోయింది.

1980 నాటికి బ్యాండు మూతపడింది. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. పాట ముఖ్యమనుకునేవాళ్ళు వెట్టన్ వెనక పోయి 1982 నాటి ‘ఏషియా’ ఆల్బమ్ వినండి, చాలావరకు సులువైన లెక్కలే, అమెరికాలో నంబర్ వన్ అయింది. లెక్క ముఖ్యమనుకునేవాళ్ళకు బ్రూఫర్డ్ 1979లో హోల్డ్స్‌వర్త్‌తో చేసిన ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ ఉంది. అందులోని ‘ద సహారా ఆఫ్ స్నో’ను నలుగురూ కలిసున్నప్పుడు యూకే పేరుతోనే వేదికల మీద వాయించారు. దానికి ఏ తాళం వేయాలో మీరే తేల్చుకోండి, నేను చెప్పను.