ఎర్రనీరు దిగాక సముద్రం లోపలి అలల్ని కొలవడం ఎలా

ధవళేశ్వరం దగ్గర వరద తగ్గుముఖం పట్టాక అంతర్వేది వైపో, భైరవపాలెం వైపో బోటు మీద బయటికి వెళ్తే గోదారి ఎర్రనీరు ఉప్పునీటి మీద పరుచుకుని కనిపిస్తుంది. తేలికనీరు పైన, బరువునీరు కింద. ఈ రెండింటి మధ్య నడిచేవే మనకు కావలసిన అలలు. పైన సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా లోపలి పొర మీటర్ల కొద్దీ లేచి పడుతుంటుంది, పైకి మాత్రం ఒక్కోసారి నునుపైన నీటి చారలు కనిపిస్తాయి, అంతే.

చాలామంది తాడుకి ఉష్ణోగ్రత సెన్సర్లే కట్టి సముద్రంలోకి దించేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను, గ్రాఫు చదునుగా గీత గీసినట్టు వచ్చింది. మన తీరంలో పొరల్ని విడదీసేది ముఖ్యంగా ఉప్పు. పైనా కిందా వేడి ఒకటే ఉండొచ్చు, చలికాలంలో అయితే పైనీరే చల్లగా ఉండొచ్చు. అందుకే తాడు మీద రెండు మూడు చోట్లయినా ఉప్పు కొలిచే సెన్సర్లు ఉండాల్సిందే, బోటు ఉన్నంతసేపూ గంటకోసారి సీటీడీ (ఉప్పు, వేడి, లోతు కలిపి కొలిచే పరికరం) దించండి.

తాడుకి కింద లంగరు, పైన నీటిమట్టానికి మూడు నాలుగు మీటర్ల లోతులో ఆగే బోయా కట్టండి. తేలే బోయాకి కడితే పైఅలతో పాటు తాడంతా ఎగిరిపడి, ఆ కుదుపే లెక్కలోకి వచ్చేస్తుంది. ప్రవాహానికి తాడు వాలుతుంది కాబట్టి పైనా కిందా ప్రెషర్ సెన్సర్లు పెట్టండి.

ఎంత సేపటికోసారి కొలవాలి? 10 మీటర్లలో సాంద్రత ఘనపు మీటరుకు 5 కిలోలు మారితే, కదిలించిన పొర ఒక్కసారి ఊగడానికి సుమారు ఒకటిన్నర నిమిషం పడుతుంది. లోపలి అల అంతకంటే వేగంగా ఊగదు. అలాగని 10 సెకన్లకోసారి తీస్తే పైనుండే 10 సెకన్ల అల దొంగచాటుగా దూరుతుంది, కాబట్టి సెకనుకోసారి తీసి తర్వాత 20 సెకన్ల సగటు కట్టండి. నెమ్మది అలల సంగతికొస్తే పోటుపాట్లది 12 గంటల 25 నిమిషాలు, భూభ్రమణం వల్ల వచ్చేది మన అక్షాంశంలో సుమారు 42 గంటలు. అమావాస్య నుంచి పౌర్ణమి దాకా ఉంచగలిగితే మంచిది.

దించే ముందు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) బులెటిన్ చూడండి. ఊళ్లోకెళ్లి వేటకెళ్లే వాళ్లకి చోటు చెప్పండి, వాళ్ల వలలు చిరగడం మన డేటా పోవడం కంటే పెద్ద నష్టం.

డేటా వచ్చాక ఉష్ణోగ్రత మార్పుని మీటరుకు ఎంత తేడా ఉందో దానితో భాగించండి. లోతుకెళ్లే కొద్దీ మీటరుకు 0.2 డిగ్రీలు తగ్గే చోట 0.6 డిగ్రీలు పెరిగిందంటే పొర 3 మీటర్లు కిందికి దిగినట్టు. ఆ తేడా సున్నాకి దగ్గరగా ఉన్న లోతుల్ని ఈ లెక్కలోంచి తీసేసి, అక్కడ ఉప్పుతో కట్టిన సాంద్రతే వాడండి.