పిల్లల పేరున రాసినా బతికున్నంత కాలం ఇల్లు మన చేతిలోనే: జీవితకాల హక్కుతో దఖలు రిజిస్ట్రేషన్ విధానం

ఇల్లు కూతురికో కొడుక్కో ఇప్పుడే రాసేయాలి. కానీ కన్ను మూసేదాకా అందులో మనమే ఉండాలి, పై వాటా అద్దె మన చేతికే రావాలి. చాలామంది పెద్దవాళ్లు కోరుకునేది ఇదే. దీనికి చట్టంలో దారి ఉంది. దఖలు దస్తావేజు (సెటిల్‌మెంట్ డీడ్) రాసి, అందులో జీవితకాల హక్కు మీకు ఉంచుకోవచ్చు. పిల్లలకు వెళ్లేదాన్ని వెస్టెడ్ రిమైండర్ అంటారు. హక్కు వాళ్లకు ఈ రోజే వస్తుంది, స్వాధీనం మాత్రం మీ తర్వాత.

ముందు దఖలు కావాలో వీలునామా కావాలో తేల్చుకోండి. వీలునామాని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, దానికి స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దఖలు అలా కాదు. తర్వాత మనసు మారి మీరొక్కరే వెళ్లి రద్దు దస్తావేజు రాస్తే చెల్లదు. మన ప్రాంతం నుంచే వెళ్లిన ఒక కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. దాత స్వాధీనం, అద్దెలు తన దగ్గరే ఉంచుకున్నా రిజిస్టరైన దానం (దఖలూ ఇలాంటిదే) దానమేనని చెప్పింది.

దస్తావేజు మీద ఏ పేరు ఉందని కాదు, లోపల ఏం రాశారన్నదే కోర్టు చూస్తుంది. మా అమ్మమ్మ రాయించిన కాగితం మీద సెటిల్‌మెంట్ అనే ఉంది. లోపల మాత్రం ‘నా తదనంతరం హక్కు వచ్చును’ అన్న ఒక్క ముక్కే ఉంది. అది దఖలా వీలునామానా అని తేలడానికి మా పిన్ని, మామయ్య నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు. ఇద్దరి మధ్యా మాటలు కూడా పోయాయి. అందుకే డ్రాఫ్టులో ఇలాంటి వాక్యాలు ఉన్నాయో లేదో మీరే చదివి చూసుకోండి:

‘దిగువ షెడ్యూలు ఆస్తిపై హక్కులు ఈ రోజే నీకు దఖలు పరచినాను. నా జీవితాంతము అందులో నివసించుటకు, అద్దెలు వసూలు చేసుకొనుటకు నాకు హక్కు ఉంచుకొన్నాను. నా తదనంతరము నీవు స్వాధీనము పొంది దాన విక్రయ వినిమయాది సర్వ హక్కులతో అనుభవించవలెను.’

ఇందులో ‘ఈ రోజే’ అన్న మాట ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు. ఇలా రాశాక, ఒకవేళ కూతురు మీకన్నా ముందే పోయినా ఆ హక్కు ఆమె వారసులకు వెళ్తుంది, తిరిగి మీకు రాదు. అలా వద్దనుకుంటే ‘నేను పోయేనాటికి నీవు జీవించి ఉన్నచో’ అని షరతు పెట్టించాలి. అప్పుడది వెస్టెడ్ కాదు, కంటింజెంట్ హక్కు, అంటే ఆ షరతు నెరవేరితేనే వచ్చే హక్కు అవుతుంది.

ఇంకో వాక్యం తప్పకుండా చేర్పించమని బతిమాలి చెబుతున్నాను: ‘నా తిండి, బట్ట, వైద్యం నీవు చూడవలెను’. ఈ షరతు ఉండి పిల్లలు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. మన దగ్గర అది ఆర్డీవో ఆఫీసు. ఆ బదిలీ చెల్లదని ప్రకటించే అధికారం దానికి ఉంది. షరతు రాయకపోతే అక్కడ నెగ్గడం చాలా కష్టం.

భార్యకు జీవితకాలం, ఆ తర్వాత పిల్లలకు అని రాసేవాళ్లు లాయర్ని అడగకుండా సంతకం పెట్టొద్దు. ఆమె పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, పరిమిత హక్కని రాసినా హిందూ వారసత్వ చట్టం 14(1) ప్రకారం అది ఆమె సొంతమే అవుతుంది. 1977లో సుప్రీంకోర్టు తులసమ్మ కేసులో ఇచ్చిన తీర్పు అదే.

ఇక ఆఫీసు పని. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించి, ఆస్తి 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో లేదని చూసుకోండి. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి మీకెలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు, ఇరువైపులా ఆధార్, పాన్ దగ్గర పెట్టుకోండి. మార్కెట్ విలువ, డ్యూటీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోనే తెలుస్తాయి. కుటుంబ సభ్యులకు రాస్తే రేటు వేరు, ఆంధ్రకూ తెలంగాణకూ కూడా తేడా ఉంటుంది. వివరాలు ఆన్‌లైన్‌లో నింపి స్లాట్ తీసుకుంటే సరి. తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే భూ భారతి పోర్టల్ ద్వారా తహసీల్దార్ ఆఫీసులో జరుగుతుంది.

ఆ రోజు ఇద్దరు సాక్షులు ఉండాలి. పుచ్చుకునే వాళ్లు కూడా ఒప్పుకున్నట్టు దస్తావేజులో సంతకం చేయాలి, ఎందుకంటే మీరు బతికుండగా స్వీకరించకపోతే దానం నిలవదు. ఫొటోలు, వేలిముద్రలు అక్కడే తీస్తారు. నాట్లు వేసి వేసి వేళ్లు అరిగిన పెద్దావిడల ముద్రలు మెషీన్ ఒక్కోసారి ఎన్నిసార్లు నొక్కినా తీసుకోదు. కాబట్టి పెద్దవాళ్లను ఉదయం స్లాటుకే తీసుకెళ్లండి, టెన్షన్ తగ్గుతుంది. మంచం మీద ఉంటే ఇంటికొచ్చి రిజిస్టర్ చేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంతకాలైన 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి. దాటితే మరో 4 నెలల వరకు జరిమానాతో వీలుంటుంది.

ఆ తర్వాత ఇల్లు పూర్తిగా అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా మీరూ పిల్లలూ ఇద్దరూ సంతకం చేయాల్సిందే. మీ తదనంతరం వాళ్లకు కొత్త రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మరణ ధ్రువపత్రం, ఈ దస్తావేజు చూపించి ఇంటి పన్ను పేరు మార్పుకో, భూమి అయితే మ్యుటేషన్‌కో (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) దరఖాస్తు పెట్టుకుంటే చాలు.