ఇంజిన్ మార్చాక స్టార్ట్ అవ్వట్లేదా? ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కొనే ముందు ఇవి చూడండి

మారుతీ 1.3 డీజిల్ ఇంజిన్ల తయారీ 2020లో ఆగిపోయింది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ బళ్లు మాత్రం ఇంకా రోడ్ల మీద బోలెడు. ఇంజిన్ సీజ్ అయితే చాలామంది సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి ఎక్కిస్తారు. ఎక్కించాక బండి మొరాయిస్తే మొదట వినిపించే మాట "ఈసీఎం పోయింది". నేను చూసినన్నింటిలో నిజంగా ఈసీఎం పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇంజిన్ మారిందని ఈసీఎంకి తెలియదు. సెన్సర్లు ఏం చెబితే దానికి అదే లోకం. అందుకే బండి పాత ఈసీఎం, పాత వైరింగ్, పాత తాళం అలాగే ఉంచి, ఇంజిన్ ఒక్కటే మార్చండి. ఇంజిన్‌తో పాటు ఈసీఎం కూడా ఇస్తామని అమ్మేవాళ్లు అంటారు. తీసుకోకండి.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

మీటర్లో తాళం గుర్తు లైటు చూడండి. కీ ఆన్ చేయగానే వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. మిణుకుమిణుకుమంటే ఇమ్మొబిలైజర్ (తాళాన్ని గుర్తుపట్టకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) అడ్డుకుంటోంది. వేరే బండి ఈసీఎం పెట్టారేమో చూడండి. పెట్టి ఉంటే మీ పాతది తిరిగి బిగించండి, లేదా స్కానర్‌తో (ఈసీఎంకి తగిలించి లోపాల కోడ్‌లు చదివే పరికరం) తాళానికీ దానికీ జత కట్టించండి. ఈ లైటు వైపు కన్నెత్తి చూడకుండా పంపూ ఇంజెక్టర్లూ విప్పిన వాళ్లని ఎంతమందిని చూశానో!

లైటు బాగుంటే స్కానర్ పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందో లేదో ఈసీఎంకి చెప్పేది) సంగతి. కప్లర్ సరిగ్గా కూర్చోలేదో, వైరు ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య నలిగిందో అయ్యుంటుంది. మీ పాత ఇంజిన్ సెన్సర్ తీసి దీనికి పెట్టి చూడండి, పది నిమిషాల పని. ఆర్‌పీఎం వస్తూ పీ0016 కోడ్ పడితే క్రాంక్‌కీ క్యామ్‌కీ (వాల్వులు తెరిచే షాఫ్ట్) లెక్క కుదరట్లేదు. ముందు టైమింగ్ చెయిన్ చూడండి.

స్టార్ట్ అవుతుంది, పికప్ లేదు

ఇది కొనేటప్పుడే చేసిన పొరపాటు. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో వచ్చింది 75 పీఎస్ శక్తి ఉన్న ఇంజిన్. ఎర్టిగా, సియాజ్, ఎస్ఎక్స్4 డీజిల్‌లలోది 90 పీఎస్. రెండూ 1248 సీసీయే, పైనుంచి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. కానీ 90లో టర్బో రెక్కలు కోణం మార్చుకునే రకం. స్విఫ్ట్ ఈసీఎంకి ఆ రెక్కలు తిప్పడం తెలియదు. "ఇంజిన్ ఒకటే కదా" అన్నవాడి మాట నమ్మకుండా, అది ఏ బండిలోంచి దిగిందో అడిగి తెచ్చుకోండి.

నాకింగ్, పొగ, ఐడిల్‌లో వణుకు

కొత్తగా వచ్చిన ఇంజెక్టర్ల తల మీద చెక్కిన కోడ్ ఈసీఎంలో ఎక్కించలేదు. పాత ఇంజెక్టర్ల లెక్కతోనే డీజిల్ కొడుతోంది. సిలిండర్ల వరుస తప్పకుండా నాలుగు కోడ్‌లూ స్కానర్‌తో ఎక్కించండి.

ఒకసారి స్టార్ట్, ఒకసారి లేదు. సంబంధం లేని కోడ్‌లు గుత్తులుగా

నన్ను ముంచింది ఇదే. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ట్రిప్పులు తిరిగే డిజైర్ ఒకటి. ఇంజిన్ ఎక్కించాం, మొదటి రోజు బాగానే నడిచింది. రెండో రోజు పొద్దున సెల్ఫ్ కొడితే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి) అంకె పిచ్చిగా ఎగురుతోంది, ఆర్‌పీఎం మధ్యలో సున్నాకి పడుతోంది, స్కానర్ కనెక్షనే తెగిపోతోంది. పీ0642 (సెన్సర్లకిచ్చే ఓల్టేజ్ తక్కువ), పీ0335 (క్రాంక్ సెన్సర్), పీ0562 (బండి ఓల్టేజ్ తక్కువ) కోడ్‌లు అన్నీ ఒకేసారి. ఎర్త్ (కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి) అనుమానం నాకూ వచ్చింది. ఎర్త్ పట్టీ బిగించే ఉంది. మీటర్ కంటిన్యూటీలో (దారి కలిసి ఉందో లేదో చూసే సెట్టింగ్) పెడితే కుయ్‌మంది. సరే అనుకుని వదిలేశాను. ఓనర్ చేత ఇంకో ఈసీఎం కొనిపించాను. దానికీ అదే రోగం. ఆ డబ్బు ఆయన వారం కష్టం. ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

అసలు కారణం నా చేతికే దొరికింది. గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూద్దామని బానెట్ కింద గేర్ కేబుల్ పట్టుకున్నాను, చురుక్కుమంది. గేర్ కేబుల్ వేడెక్కడానికి కారణమే లేదు, సెల్ఫ్ కరెంటు దాని గుండా బ్యాటరీకి వెనక్కి పోతుంటే తప్ప.

ఎర్త్ బోల్ట్ విప్పాను. కొత్తదిలా కనిపించాలని అమ్మినవాడు బ్లాకుకీ గేర్ బాక్స్‌కీ వెండి రంగు స్ప్రే కొట్టాడు. ఎర్త్ పట్టీ కూర్చునే చోట కూడా రంగే. పట్టీ ఆ రంగు మీద కూర్చుంది. బోల్ట్ మరల దగ్గర మాత్రం కాస్త లోహం తగులుతోంది. కంటిన్యూటీ చూసేటప్పుడు మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లు, అవి ఆ కాస్త సందులోంచి హాయిగా పోతాయి. డీజిల్ సెల్ఫ్ లాగేది వందల ఆంపియర్లు. అంత కరెంటు అక్కడ పట్టదు. దారి దొరక్క గేర్ కేబుల్‌లోంచి, సెన్సర్ వైర్లలోంచి, ఈసీఎం ఎర్త్‌లోంచి పోతుంది. అప్పుడు ఈసీఎం సున్నా అనుకునేది సున్నా కాదు. దాని కొలతలన్నీ తప్పుతాయి, ఓల్టేజ్ మరీ పడితే రీసెట్ అవుతుంది. అదే పనిగా సెల్ఫ్ కొడితే మంచి ఈసీఎం కూడా లోపల కాలిపోవచ్చు.

పరీక్ష ఇలా చేయండి. మీటర్ 20 ఓల్టుల డీసీలో పెట్టండి. నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద (క్లాంప్ మీద కాదు), ఎర్ర పిన్ను బ్లాకు మీద రంగు లేని లోహానికి ఆనించండి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 ఓల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. 0.5 దాటితే ఇక వేరే ఏదీ విప్పకండి. ఆ డిజైర్‌లో 1.8 వచ్చింది. తర్వాత ఎర్ర పిన్ను బాడీ మీద పెట్టి అదే కొలత ఇంకోసారి తీసుకోండి. ఇంజిన్ ఎర్త్, బాడీ ఎర్త్ వేర్వేరు.

బాగు చేయడానికి ఖర్చేమీ లేదు. బోల్ట్ విప్పి, పట్టీ కూర్చునే చోటు ఎమరీ కాగితంతో లోహం తళతళలాడేదాకా గీకండి. పట్టీ కన్ను కూడా గీకండి. వైర్లు నల్లబడి ఉంటే పట్టీ మార్చండి. బిగించాక పైన కాస్త గ్రీజు రాసి, సెల్ఫ్ కొడుతూ మళ్లీ కొలవండి. చాలా బళ్లలో ఈసీఎం ఎర్త్ వైర్లు కూడా ఇంజిన్ మీదే ఏదో బోల్ట్‌కి వస్తాయి. అవి కూడా అలాగే గీకి బిగించండి.

మిగతావి

ఈసీఎంలో నీళ్లు, ఫ్యూజ్ బాక్స్ లోపల తుప్పు, వైరింగ్ ఎలుకలు కొరకడం. ఉంటాయి, అరుదు. పై వరుస అంతా అయ్యాకే వాటి దగ్గరికి వెళ్లండి.

బండి అందుకున్నాక కోడ్‌లు చెరిపి, ఓ పాతిక కిలోమీటర్లు తిప్పి, మళ్లీ స్కాన్ చేయండి. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పండి.