కింద కటకటమంటే ముందు రబ్బరు చూడండి: పాత ఆక్టేవియా ఆర్ఎస్‌కు తక్కువ ఖర్చు సస్పెన్షన్

భీమవరం చుట్టుపక్కల కాలువ గట్టు రోడ్ల మీద తిరిగే ఏ కారుకైనా సస్పెన్షన్ త్వరగానే అరుగుతుంది. డెల్టా నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది, పైనున్న తారు అలలుగా లేస్తుంది. రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే ఉప్పునీటికి బోల్టులు తుప్పు పడతాయి. నా బండి మొదటి తరం స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 లీటర్ల టర్బో పెట్రోలు. పాత బండే అయినా సస్పెన్షన్ మొత్తం మార్చాలన్న మాట మాత్రం నమ్మకండి. చాలాసార్లు పోయేది ఇనుము కాదు, దాని మధ్యలో ఉన్న రబ్బరు.

ముందు ఏది పోయిందో తేల్చుకోవాలి. చిన్న గుంతల్లో గలగలమంటే, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే యాంటీరోల్ బార్ లింక్ రాడ్లను అనుమానించండి. అన్నిటికన్నా చవకైనవీ, తేలికగా మారేవీ అవే. బండి నిలిపి ఒకరిని స్టీరింగ్ తిప్పమని, మీరు స్ప్రింగ్ మీద చెయ్యి ఆనించండి. స్ప్రింగ్ ఆగి ఆగి టక్కున ఎగిరితే పైన స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాలు) మౌంట్ బేరింగ్ పోయినట్టు. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆట (వదులు) కనిపిస్తే బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపండి. ఆట ఆగిపోతే తప్పు వీల్ బేరింగ్‌ది, ఆగకపోతే ఆర్మ్ చివర గుండుకీలు లాంటి బాల్ జాయింట్‌ది. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకు కలిపే ఇనుప చెయ్యి) వెనక బుష్‌ను, అంటే అందులో కూర్చునే రబ్బరును, టార్చి వేసి చూడండి, రబ్బరు చీలి ఉండవచ్చు.

సామాను కొనేటప్పుడు స్కోడా పేరు చెప్పి అడగకండి. ఈ బండి అడుగు భాగం 1997 నాటి నాలుగో తరం గోల్ఫ్‌ది; 1998లో వచ్చిన ఆడి టీటీదీ అదే కుటుంబం. అందుకే చాలా భాగాల నంబర్లు 1జె0తో మొదలవుతాయి. పాత భాగం మీద నంబరు తుడిచి ఫోటో తీసి విజయవాడ ఆటోనగర్‌కు పంపండి. లెమ్‌ఫోర్డర్, సాక్స్ లాంటి తయారీదారుల పెట్టెలో వచ్చేది తీసుకుంటే చాలు, కారు కంపెనీ ముద్రకు అదనంగా చెల్లించనక్కరలేదు. ఇనుప ఆర్మ్ వంగకపోతే తుక్కు దుకాణంలోదైనా పనికొస్తుంది. పాత రబ్బరు, పాత బాల్ జాయింట్, పాత షాక్ అబ్జార్బర్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. షాక్ అబ్జార్బర్లు జతగానే మార్చాలి. పాలీయురిథేన్ బుష్‌లు, బండిని కిందకు దించే స్ప్రింగులు మన స్పీడ్ బ్రేకర్లకు శిక్ష.

బుష్ ఎక్కించడానికి హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. అది పెద్ద కార్ల షెడ్డులోనే ఉంటుందనుకోకండి, ట్రాక్టర్లు బాగుచేసే చోటా దొరుకుతుంది. ఆర్మ్ ఊడదీసి పట్టుకెళితే టీ తాగేలోపు పని అయిపోతుంది. పాతది కొట్టించే ముందు దాని రబ్బరులోని కంతలు ఏ దిక్కున ఉన్నాయో ఆర్మ్ మీద గీత పెట్టుకోండి. కొత్తది అదే దిక్కున కూర్చోవాలి. స్ట్రట్ దిగడానికి దాని కింది బిగింపును కాస్త విడదీసే పనిముట్టు కావాలి. లేత్ మిషన్ దగ్గర అడిగితే పాత అలెన్ కీనే అరగదీసి ఇస్తారు.

పని మట్టి నేల మీద పెట్టుకోవద్దు, జాకీ దిగబడుతుంది. నేను రైసు మిల్లు సిమెంటు కళ్ళంలో చేస్తాను, ధాన్యం ఎండబెట్టని రోజు చూసుకుని. జాకీ మీద నమ్మకంతో బండి కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టండి. తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. బ్రేకు కాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. ఆర్మ్ విడిపించాక హబ్ (చక్రం బిగించే భాగం) బయటికి వాలకుండా ఆపండి, లేకపోతే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడుతుంది. స్ప్రింగ్ నొక్కడానికి అసలైన కంప్రెసర్ తప్ప తాళ్ళు, గొలుసులు వాడవద్దు. నొక్కిన స్ప్రింగ్ తప్పించుకుంటే ప్రాణం తీస్తుంది.

ఇక చాలామంది మెకానిక్‌లు తొందరలో వదిలేసే పని ఒకటుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే పట్టేసుకుంటుంది. బండి దించగానే మెలి తిరిగి, కొన్ని నెలలకే చిరుగుతుంది. అందుకే పని మొదలు పెట్టకముందే, బండి నేల మీద ఉండగా, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. అన్నీ బిగించేటప్పుడు హబ్ కింద జాకీ పెట్టి అంత ఎత్తుకు లేపి, అప్పుడే చివరి పట్టు వేయండి. టార్క్ (చెప్పిన బిగింపు బలం) తర్వాత డిగ్రీల లెక్కన తిప్పాల్సిన బోల్టులు సాగిపోతాయి కాబట్టి మళ్ళీ వాడకూడదు, కొత్తవి కొనండి. చక్రాల బోల్టులకు బిగింపు 120 న్యూటన్ మీటర్లు.

అదే రోజు చక్రాల అలైన్‌మెంట్ చేయించండి, లేదంటే కొత్త బుష్‌లకు పెట్టిన దానికన్నా ఎక్కువ డబ్బును అరిగిన టైర్లు తినేస్తాయి. రాజమహేంద్రవరం దాకా ఒకసారి వెళ్ళి వచ్చాక చక్రాల బోల్టులు మళ్ళీ తనిఖీ చేసుకోండి.